సాయంత్రం ఆరున్నర

ఒంటిపూట బళ్లు ఏప్రిల్ 23 ప్రాంతంలో ముగుస్తాయి. మళ్లీ బడి తెరిచేది జూన్ 12న. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా మన రెండు రాష్ట్రాల్లోనూ ఏటా లెక్క దాదాపు ఇదే, ఏడు వారాలు. పిల్లలు ఏడాది పొడుగునా ఎదురుచూసేది వీటికోసమే. ఇంటినుంచి ఉద్యోగం చేసే తల్లిదండ్రులకు మాత్రం ఈ ఏడు వారాల్లో పని ఒక్క పూట కూడా తగ్గదు. ఏడాదికొచ్చే సెలవులన్నీ కూడబెట్టి ఇక్కడే వాడినా చాలామందికి వేసవి మొత్తం గడవదు. ఇంటినుంచే పని కదా, పిల్లల్ని చూసుకోవడం తేలికేనని బంధువులూ పైఅధికారులూ అనుకుంటారు. ఆ అనుకోవడమే తప్పు. ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేయడం ఒక ఉద్యోగం. ఇద్దరు పిల్లల్ని పొద్దుటి నుంచి రాత్రిదాకా కనిపెట్టుకుని ఉండడం ఇంకో ఉద్యోగం. రెండింటినీ ఒకే మనిషి ఒకే గంటలో చేయాలంటే ఏదో ఒకటి వెనకబడి తీరుతుంది. ఎక్కువ ఇళ్లలో ఆ లోటును తల్లి తన నిద్ర తగ్గించుకుని పూడుస్తోంది.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. మాది నిజాంపేటలో అపార్ట్‌మెంట్. బాబు నాలుగో తరగతి ముగించాడు, పాపది యూకేజీ అయిపోయింది. వాళ్ల నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లు తొడుక్కుని, బ్యాగు భుజాన తగిలించుకుని వెళ్తారు. ఆయన పనికి వెళ్లారని పాపకు చెప్పనక్కర్లేదు. నేను ఇంటి బట్టల్లో మంచం పక్కన బల్ల దగ్గర కూర్చుంటే పనిలో ఉన్నానని దానికెలా తెలుస్తుంది? మాట్లాడకపోతే ఖాళీగా ఉన్నాననుకుంటుంది. మాట్లాడుతుంటే తనతోనూ మాట్లాడతాననుకుంటుంది. పాప దాకా ఎందుకు, నీళ్ల ట్యాంకర్ వచ్చిందని ఫోన్ చేసే వాచ్‌మన్‌కూ, కొరియర్ అబ్బాయికీ, పక్కింటి తాళంచెవి ఇచ్చి వెళ్లేవాళ్లకూ నేను ఇంట్లో ఉన్న మనిషినే.

అందుకే వేసవిలో నేను ఆఫీసుకు వెళ్లేటప్పటిలాగే తయారై ఐడీ కార్డు మెడలో వేసుకుంటాను. కార్డు మెడలో ఉంటే అమ్మ ఆఫీసులో ఉన్నట్టు. తీసి తలుపు కొక్కేనికి తగిలిస్తే అమ్మ వచ్చేసినట్టు. ఎన్నిసార్లు నచ్చజెప్పినా తలకెక్కనిది ఈ గుర్తుతో పాపకు ఇట్టే అర్థమైంది. కార్డు తీసిన ప్రతిసారీ పరుగెత్తుకొచ్చి, నేను ఊరినుంచి వచ్చినట్టుగా కాళ్లు చుట్టేస్తుంది. రోజంతా నేను పిలిస్తే పలికేంత దూరంలో ఉన్నా దానికి తృప్తి లేదు. ఎప్పుడు పూర్తిగా తనదాన్నవుతానో తెలిస్తే మాత్రం ఓపిక పడుతుంది. పిల్లల గురించి ఈ వేసవుల్లో నేను నేర్చుకున్నవాటిలో ఇది పెద్దది.

ఎప్పుడు తినాలో, ఎప్పుడు ఆడాలో మిగతా రోజుల్లో బడి గంట చెబుతుంది. సెలవుల్లో ఆ గంట ఉండదు కాబట్టి అరగంటకోసారి ఆకలి. నేను వేసవిలో కూడా పొద్దున్నే లంచ్ బాక్సులు సర్దుతాను. ఒకదాంట్లో మరమరాలూ వేయించిన పల్లీలూ, ఒకదాంట్లో పెరుగన్నం, ఫ్రిజ్‌లో పుచ్చకాయ ముక్కలు. పదకొండింటికి ఏది, ఒంటిగంటకు ఏది, నాలుగింటికి ఏదన్నది మూతలమీద బాబు చేతే రాయిస్తాను. మజ్జిగ వాళ్లకు అందే ఎత్తులో ఉంటుంది. గ్యాస్ రెగ్యులేటర్ కట్టేసి ఉంటుంది, బాల్కనీ తలుపుకు పైగడియ వేసి ఉంటుంది. ఈ రెండూ చూసుకోకుండా నేను కంప్యూటర్ ముందు కూర్చోను. చెల్లి డబ్బా తెరిచిపెట్టే పని తనదని బాబుకు ఎంత పట్టింపో! మధ్యాహ్నం భోజనం మాత్రం నా కార్డు కొక్కేనికి తగిలించి ముగ్గురం కలిసి తింటాం.

పన్నెండు నుంచి నాలుగు దాకా గడవడం అన్నిటికన్నా కష్టం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో పిల్లల్ని కిందికి పంపే వీల్లేదు. మీటింగులున్నదీ అప్పుడే, చేతికి ఫోనిచ్చేస్తే ఇల్లు నిశ్శబ్దమయ్యేదీ అప్పుడే. రెండు నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు తెర ముందు రోజుకు గంట మించకూడదనీ, ఐదు నుంచి పదేళ్ల వాళ్లకు రెండు గంటల లోపే ఉండాలనీ భారతీయ శిశువైద్యుల సంఘం 2021లో చెప్పింది. నాలుగు గంటల ఎండకు ఆ రెండు గంటలూ చాలవు. అందుకని ఉన్న కాస్త సమయాన్నీ చేతిలో ఫోనుకు కాకుండా హాల్లో టీవీకి ఇచ్చాం. ఇద్దరూ ఒకటే చూస్తారు, దాని గురించి ఇద్దరూ కొట్లాడుకుంటారు, అదీ మంచిదే. మిగతా వేళకు చాక్‌పీస్‌తో నేలమీద గీసిన అష్టాచెమ్మా గళ్లున్నాయి, గవ్వలున్నాయి, మా అత్తయ్య ఇచ్చిన వామనగుంటల పీట, దాని చింతగింజలూ ఉన్నాయి. ఆ తర్వాత కూడా ‘ఏమీ తోచట్లేదమ్మా’ అంటే తోచకుండా ఉండనిస్తాను. బాబు ఆ తోచనితనంలోంచే అట్టపెట్టెలతో ఊరు కట్టాడు. పాప వయసు పిల్లలకు అది కుదరదు. గంట దాటితే వాళ్లకు పక్కన ఒక మనిషి కావాల్సిందే.

ఇక సాయంత్రం ఆరున్నర. వేసవిలో అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరుపుతారు. చలికాలంలో న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదంటే మనకు రాత్రి ఏడున్నర. మార్చి నుంచి నవంబరు దాకా అదే తొమ్మిది మనకు సాయంత్రం ఆరున్నర అవుతుంది. మే నెలలో హైదరాబాద్‌లో పొద్దుగూకేదీ ఆరున్నర దాటాకే. పగలంతా కర్టెన్లు వేసుకుని గడిపిన పిల్లలు చెప్పులు తొడుక్కుని కిందికి ఉరికే వేళ అది. సరిగ్గా అప్పుడే అక్కడివాళ్ల రోజు మొదలవుతుంది, మాకు కాల్ వస్తుంది. కార్లు తిరిగే చోటికి ఐదేళ్ల పిల్లను ఒంటరిగా పంపలేను. పంపకపోతే దాని రోజు నాలుగు గోడల మధ్యే ముగుస్తుంది. పగటి గంటలను డబ్బాలతోనో గవ్వలతోనో ఎలాగో నెట్టుకురావచ్చు. ఈ ఒక్క గంటకు మాత్రం ఒక పెద్దమనిషి కాళ్లూ కళ్లూ కావాలి.

మా అంతస్తులో నాలుగు ఇళ్లవాళ్లం ఈ గంటకు వంతులు వేసుకున్నాం. మంగళవారం నాది. ఎదురింటి అన్నయ్యగారిది రాత్రి షిఫ్టు కాబట్టి శుక్రవారం ఆయన తీసుకున్నారు. వంతు ఉన్నవాళ్లు కింద కుర్చీ వేసుకుని కూర్చుంటారు, చేతిలో ఫోన్ ఉండకూడదన్నది ఒప్పందం. మంగళవారం ఆరున్నర కాల్‌కు రానని టీమ్‌లో ముందే చెప్పాను. పిల్లల్ని ఆడించే వంతు నాదన్న కారణం కూడా దాచలేదు. దాచాల్సిన పనేమీ కాదది. ఆ రోజు నా వివరాలు రాసి పంపిస్తాను, పని ఎక్కడా ఆగలేదు.

అమ్మమ్మగారింటికి పంపేయొచ్చుగా అని చాలామంది అడుగుతారు. పంపుతాం, నేనూ వెళ్తాను. ఇప్పుడు పల్లెల్లోనూ ఫైబర్ ఇంటర్నెట్ ఉంది. మే నెల గాలివానకు కరెంటు పోతే తప్ప పనికి అడ్డు లేదు. ముంజలు, పెరట్లో మామిడి, అమ్మ ఆవకాయ కలుపుతుంటే చుట్టూ చేరి వేడన్నంతో తొలిముద్దకు పోటీ పడడం, ఇవి పిల్లలకు దక్కాలి. అయితే అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఎండ ఆమెకూ ఎండే. రెండు వారాలు ఆమెకు పండగ. ఏడు వారాలైతే ఆమెకది చాకిరీ అవుతుంది, మా అమ్మ ఆ మాట నోరు తెరిచి ఎప్పటికీ అనదు. అమెరికాలో స్థిరపడినవాళ్ల ఇళ్లలోనూ ఇదే కథ. అక్కడ వేసవి సెలవులు జూన్ నుంచి ఆగస్టు దాకా ఉంటాయి, ఆ నెలలు చూసుకునే ఎందరో అమ్మానాన్నలు విజిటర్ వీసాల మీద వెళ్తారు. వాళ్ల ప్రేమ ఎంత గొప్పదైనా, మన ఉద్యోగాల్లోని లోటు పూడ్చే బాధ్యత వాళ్లది కాదు.

మరి ఎవరిది? 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవిచ్చింది. యాభైమంది, అంతకుమించి ఉద్యోగులున్న చోట పసిపిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలంది. ప్రసూతి సెలవు తర్వాత యజమాని ఒప్పుకుంటే ఇంటినుంచి పని చేసే వీలు కూడా కల్పించింది. ఎందరో తల్లుల ఉద్యోగాలు నిలబెట్టిన చట్టమిది. అది పసిబిడ్డల కోసం వచ్చింది. బడి మూసినప్పుడు ఆరేళ్ల పిల్లను ఎవరు చూస్తారన్నది అందులో లేదు. ఇక ఇళ్ల సంగతి. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. ఇంట్లోవాళ్లను చూసుకోవడానికి ఆడవాళ్లు 137 నిమిషాలు, మగవాళ్లు 75 నిమిషాలు. ఇవి ఏడాది పొడుగునా ఉండే సగటులు. బడులు మూసిన ఏడు వారాల్లో పెరిగే పని ఎవరి మీద పడుతుందో ఈ అంకెలు చూస్తేనే తెలిసిపోతుంది. మా ఇంట్లో ఈ వేసవి ఆయన బుధ, గురువారాలు నాలుగున్నరకే ఆఫీసునుంచి బయల్దేరి వచ్చి పిల్లలతో కిందికి దిగుతున్నారు. మిగిలిన పని రాత్రి చూసుకుంటున్నారు. ఆ రెండు రోజులూ నేను కాల్‌లో మనసు పెట్టి మాట్లాడగలుగుతున్నాను.

టీమ్‌లను నడిపేవాళ్లకు నాదొక విన్నపం. పండగ సెలవులను ముందే క్యాలెండర్‌లో వేసుకుంటాం కదా, బడి సెలవులను కూడా అలాగే వేయండి. ఏప్రిల్ మూడో వారంలోనే మీ టీమ్‌లో ఆడవాళ్లనూ మగవాళ్లనూ అడగండి, ఇంట్లో పిల్లలకు సెలవులు ఎప్పటిదాకా, మధ్యాహ్నం ఎవరు చూస్తారు, సాయంత్రం ఎవరు ఆడిస్తారు అని. ఆ జవాబులను బట్టి ఆరున్నర మీటింగును ఎనిమిదికి జరపండి. రోజూ అక్కర్లేనిదైతే వారానికి రెండు చేయండి. ఈ మార్పు కావలసింది జూన్ 12 దాకానే.