బందరు గుడ్డ మీద కొండ

ఆగిరిపల్లిలో శోభనాచలం కొండెక్కి చూస్తే నూజివీడు సీమ మామిడి తోటలు పచ్చగా పరచుకుని కనిపిస్తాయి. కొండ దిగి హనుమాన్ జంక్షన్, గుడివాడల మీదుగా పెడన దారి పడితే దృశ్యమే మారిపోతుంది. ఎటు చూసినా వరిచేలు, కాలువలు. బందరు చేరేదాకా ఒక్క గుట్టయినా ఎదురవదు. విచిత్రం ఏమిటంటే... గుట్టలూ చెట్లూ మనుషులతో కళకళలాడే బొమ్మలు గుడ్డ మీదకి ఎక్కింది ఈ చదునైన తీరంలోనే!

17వ శతాబ్దంలో బందరు, అదే మచిలీపట్నం, గోల్కొండ సుల్తానుల ప్రధాన రేవు. పర్షియా వర్తకులు వచ్చేవారు. 1611లో ఆంగ్లేయులూ దిగారు. ఆ కాలపు నూలు రుమాళ్లు కొన్ని న్యూయార్క్ మెట్రోపాలిటన్, లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియాల్లో భద్రంగా ఉన్నాయి. కానుకల మీద కప్పడానికి వాడిన గుడ్డలివి. వాటి నిండా వేటగాళ్లు, బెదిరి పరుగెత్తే జంతువులు, పూలచెట్లు, పర్షియా దుస్తుల్లో జంటలు. అంతా కలంతో గీసిందే. పర్షియా చిత్రాల్లోని కొండలు అలా ఓడెక్కి వచ్చి మన గుడ్డ మీద కుదురుకున్నాయన్నమాట.

తర్వాత ఐరోపాకి పలంపోర్లు వెళ్లాయి. పలంగ్‌పోష్ అంటే మంచం దుప్పటి. చిన్న గుట్ట, దానిమీంచి మెలికలు తిరుగుతూ లేచే పెద్ద చెట్టు, కొమ్మలకు పూలు, పిట్టలు. ఈ అద్దకాల మోజు తట్టుకోలేక 1686లో ఫ్రాన్సు, తర్వాత ఇంగ్లండు వాటిని నిషేధించాయి!

ఇప్పుడా చెట్టుని చూడాలంటే పెడన వెళ్లాలి. శ్రీకాళహస్తిలో ఇప్పటికీ కలమే రాజు. ఇక్కడ మాత్రం టేకు చెక్క అచ్చులు. పేరు కలంకారీయే అయినా పని అద్దకం. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన నీళ్లు అద్దితే కరక్కాయతో కలిసి నలుపు తేలుతుంది. పటిక అద్దినచోట ఏమీ కనిపించదు. రంగు చెక్కలతో ఉడికించాకే ఎరుపు విచ్చుకుంటుంది. రంగుకో అచ్చు. ఒక్క చెట్టు పూర్తవ్వాలంటే ఎన్నో అచ్చులు పక్కపక్కనే గురి తప్పకుండా పడాలి.

కలం పోయి అచ్చు వచ్చినప్పుడు వేటగాళ్లు చాలావరకు గుడ్డ దిగిపోయారు. చెట్టు, పిట్ట, పువ్వు, మామిడి పిందె మిగిలాయి. ఇప్పుడు అచ్చుకే ముప్పు. అవే బొమ్మల్ని స్క్రీన్ ప్రింటింగ్‌తో గంటల్లో తీసి, చవగ్గా అమ్ముతున్నారు. అచ్చులు చెక్కే చేతికి పని తగ్గితే కొత్త అచ్చు పుట్టదు. పాతది అరిగిపోతే ఆ బొమ్మా పోయినట్టే.

అందుకే కొనేముందు గుడ్డను కాస్త పరికించి చూడండి. అచ్చుకీ అచ్చుకీ మధ్య వెంట్రుకవాసి తేడా, రంగులో చిన్న హెచ్చుతగ్గు కనిపిస్తే అది లోపం కాదు... మనిషి చెయ్యి పడ్డ గుర్తు. మామిడి కాలంలో నూజివీడు రసాల కోసం వచ్చేవారు మరికాస్త ముందుకెళితే, ఎండకు వాడని మామిడి పిందెలూ తెచ్చుకోవచ్చు!