ఏనుగు, హార్మోను, గొలుసు

ఎద్దుకు విత్తులు కొట్టించినట్టే మగ ఏనుగుకూ చేయించేస్తే మదం గొడవ వదులుతుంది కదా అని అడిగేవాళ్లు తరచూ తగులుతుంటారు. కుదరదు. ఏనుగు వృషణాలు బయటికి ఉండవు, కడుపులో మూత్రపిండాల దగ్గర ఉంటాయి. నాలుగైదు టన్నుల జంతువుకు మత్తిచ్చి అంత లోతుకు కోయడం ప్రాణంతో చెలగాటం. మత్తులో ఎక్కువసేపు పడుకున్న ఏనుగుకు తన బరువే ఊపిరికి అడ్డమవుతుంది. కత్తి పనికిరాని చోట మాకు మిగిలింది హార్మోన్ల దారే.

నేను వైద్యం చేసిన ఒక జూ ఏనుగుకు ఏటా చలికాలంలో మదం వచ్చేది. కణతల నుంచి నల్లటి జిడ్డు కారి దవడ మీద చారలు కట్టేది. మూత్రం చుక్కలు చుక్కలుగా పడుతూ వెనక కాళ్ల లోపలివైపు చర్మం ఒరిసిపోయేది. ఆ రోజుల్లో టెస్టోస్టెరాన్ మామూలుకంటే పదుల రెట్లు పెరుగుతుంది. నెలల తరబడి గొలుసులే. గొలుసు కింద పుండు పడితే దగ్గరికెళ్లి కట్టు కట్టే వీల్లేదు. మావటి పొడుగాటి వెదురు కొసకు గుడ్డ చుట్టి, వేపనూనెలో ముంచి, ఈగలు వాలకుండా దూరం నుంచే పూసేవాడు. "మదం దిగాక వీడు నన్ను మళ్లీ కొత్తగా గుర్తుపట్టాలి సార్" అనేవాడు.

మగ ఏనుగులకు మందులు ప్రధానంగా రెండు. మనుషుల్లో ప్రోస్టేట్ క్యాన్సరుకు వాడే లుప్రోలైడ్ ఒకటి. ఇది మొదట హార్మోన్లను ఎగదోసి, తర్వాత అణచేస్తుంది. రెండోది ఇంప్రోవాక్, మగపంది మాంసానికి వచ్చే వాసన పోగొట్టడానికి తయారుచేసిన టీకా. మెదడు పంపే జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోను మీద శరీరమే ప్రతిరక్షకాలు తయారుచేసుకునేలా చేస్తుంది. పైనుంచి కబురు రాక వృషణాలు చల్లబడతాయి. రెండు డోసులయ్యాక బూస్టర్లు వేస్తూ పోవాలి. చాలాకాలం వాడితే వృషణాలు కుంచించుకుపోతాయి కనుక సంతానం కావాలనుకునే మగదాని జోలికి పోకూడదు. మా ఏనుగుకు ఆ ఆశ లేదు, టీకా వేశాం. తర్వాతి చలికాలంలో మావటి దాని కాలు పట్టుకుని పుండు కడిగాడు.

ఇదే మందు కోసం పక్క రాష్ట్రం నుంచి ఒక ఏనుగు యజమాని ఫోన్ చేశాడు. ఉత్సవాల బుకింగులన్నీ మదం నెలల్లోనే ఉన్నాయట. మరి విశ్రాంతి ఎప్పుడిస్తారంటే, మదం రాకపోతే విశ్రాంతి ఎందుకండీ అన్నాడు. మేత తగ్గించి మదం దించే పాత పద్ధతికంటే టీకా మేలే, ఒప్పుకుంటాను. కానీ ఏనుగుకున్న ఆ ఒక్క సెలవునూ ఊడబీకడానికి నేను సూది పట్టుకోనన్నాను.

ఆడవాటి కథ వేరు. దక్షిణాఫ్రికాలోని క్రూగర్‌లో 1990లలో చూలు రాకుండా ఈస్ట్రోజెన్ ఇంప్లాంట్లు పెట్టి చూశారు. ఆడ ఏనుగులు ఎప్పుడూ ఎదలో ఉన్నట్టే ఉండటంతో మగవి వదలకుండా వెంటపడ్డాయి, ఆ ప్రయత్నం ఆగిపోయింది. పంది అండం పైపొరతో చేసే పీజడ్‌పీ టీకా అంతకంటే నయం. ఆ దేశంలోనే మకలాలి అభయారణ్యంలో 2000 నుంచి వాడుతున్నారు. చూలు నిలవదు, ఎద మాత్రం వస్తూనే ఉంటుంది.

నాకు ఎదురైన చిత్రమైన కేసు మాత్రం అసలు మగదాన్నే ఎరగని ఒక ముసలి ఆడ ఏనుగు. తోక కింద రక్తపు మరకలు కనిపిస్తున్నాయని మావటి పిలిచాడు. చెవి వెనక బురద కడిగి, ఉబ్బిన సిరలోంచి రక్తం తీశాం. మలద్వారం గుండా స్కాన్ చేస్తే గర్భాశయం నిండా గడ్డలు. అడవిలో అయితే ఇరవై రెండు నెలల చూలు, ఆపైన పాలిచ్చే కాలం పోగా ఆడ ఏనుగుకు అండచక్రాలు కొద్దిగానే వస్తాయి. జూలో ఒంటరిగా ఉన్నదానికి పదిహేను వారాలకోసారి చొప్పున, ముప్ఫై ఏళ్లలో వంద. అన్ని ఉత్త చక్రాలు తిరిగితే గడ్డలు లేవవా మరి! పిల్లలే పుట్టని ఆ ఏనుగుకు పిల్లలు పుట్టకుండా చేసే టీకా వేశాను, పీజడ్‌పీ కాదు, మగవాటికి వేసే ఇంప్రోవాకే. అండచక్రం ఆగింది, రక్తస్రావం తగ్గింది.

పక్క షెడ్డులోనే ఇంకో పడుచు ఏనుగు ఉంది. దానికీ ముందుజాగ్రత్తగా వేసేద్దామని అధికారులు అడిగారు. ఒకసారి ఆపిన చక్రం మళ్లీ ఎప్పుడు మొదలవుతుందో, అసలు మొదలవుతుందో లేదో హామీ ఇవ్వలేం. టీకా వద్దు, ముందు జోడు వెతకండి అని ఫైల్లో రాశాను. ఇప్పుడు మగ ఏనుగు కోసం వేరే జూలకు ఉత్తరాలు వెళ్తున్నాయి.