ప్రాణహిత మీద రెండు రాత్రులు

పట్నం నుంచి స్నేహితులు వస్తున్నామని కబురు చేస్తే సంతోషంతో పాటు కొంచెం గుబులు కూడా కలుగుతుంది నాకు. మా నాగేపల్లిలో చూపించటానికేముంది? ఆలాపల్లి టేకు అడవి ఉంది. అహేరి సంత ఉంది. గడ్చిరోలి జిల్లా అనగానే పట్నంలో వాళ్ళకు గుర్తొచ్చేది తుపాకులే గనుక, ముందు ఆ భయం తీర్చటానికే ఒక పూట పడుతుంది. తర్వాత తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: "మహారాష్ట్రలో ఉండి ఇంత తెలుగు ఎట్లా వచ్చింది మీకు?" ఈ మాట మీరూ వినే ఉంటారు. మేమెక్కడికీ వలస రాలేదు, గీతే మా మీది నుంచి పోయిందని చెప్పి చెప్పి నా నోరు అరిగింది.

2006 సంక్రాంతి వెళ్ళాక హైదరాబాదు నుంచి నాతో చదువుకున్న మిత్రుడొకడు భార్యనూ పదేళ్ళ కూతురినీ తీసుకుని వచ్చాడు. ఈసారి నోటితో చెప్పే ఓపిక లేక వాళ్ళను నది మీదికి తీసుకుపోదామనుకున్నాను. వాంగేపల్లి రేవులో నాటుపడవ ఎక్కి ప్రాణహిత వెంట సిరొంచ దాకా దిగటం, రాత్రుళ్ళు ఇసుక దిబ్బల మీద పడుకోవటం. పడవ నడిపేది మా ఎరుకలోని బెస్త మామ. సాయానికి మనుమణ్ణి తెచ్చుకున్నాడు. వాడూ పదేళ్ళవాడే, మరాఠీ బడిలో నాలుగో తరగతి.

ఇంట్లో ఆతిథ్యం వేరు, పడవలో ఆతిథ్యం వేరు. ఇంట్లో చుట్టాన్ని కూర్చున్న చోటు నుంచి లేవనివ్వం. పడవలో బరువు చూసి కూర్చోబెట్టాలి. మా మిత్రుడు కాస్త భారీ మనిషి. "సారూ, నువ్వు నడుమ కూసో, అటిటు కదలకు" అన్నాడు మామ. పట్నంలో పదిమందికి పనులు చెప్పే మనిషి మూడు రోజులు మామ చెప్పినచోట కూర్చున్నాడు. అడుగున ఊరే నీళ్ళను డబ్బాతో తోడిపోసే పని కూడా అతనికే పడింది. వదినె గారి ఇబ్బంది వేరు. అది ఆమె నోరు తెరిచి అడగకముందే కనిపెట్టటం నా వంతు. పొదలున్న దిబ్బ కనబడినప్పుడల్లా "మామా, జర ఆపు, కాళ్ళు పట్టినయ్" అనేవాణ్ణి. మామకు అర్థమయ్యేది.

తాగే నీళ్ళకు సీసాలు తెచ్చుకున్నారు, మొదటి సాయంత్రానికే అయిపోయాయి. మామ ఇసుకలో మోచేతి లోతున చెలిమె తీశాడు. మొదట ఊరిన నీళ్ళు రెండుసార్లు తోడి పారబోసి, తేటపడ్డాక గిన్నెలో పట్టి ఇచ్చాడు. వదినె అనుమానంగా ఒక గుక్క తాగి, మళ్ళీ గిన్నె చాచింది. జొన్నరొట్టె, బొచ్చె చేప పులుసు, పక్కన చింత తొక్కు. చలి మంట చుట్టూ కూర్చుని తిన్నాం. ఆ రుచి గురించి రాయటం మొదలుపెడితే పత్రికలో చోటు చాలదు.

దేవల్‌మర్రి దగ్గర నది నిండా బండలే. అక్కడ మమ్మల్ని దింపి గట్టు వెంట నడవమన్నాడు మామ. తాత, మనుమడు ఖాళీ పడవను గడలతో ఆనించుకుంటూ బండల సందుల్లోంచి దింపారు. నడుస్తూ మిత్రుడికి ఆ బండల కథ చెప్పాను. 1860లో నిజాం ఈ గట్టును ఇంగ్లీషువాళ్ళకు వదిలాక సిరొంచ ముఖ్యపట్టణంగా అప్పర్ గోదావరి జిల్లా ఏర్పడి, 1874లో అందులోని సిరొంచ వైపు భాగం చాందాలో కలిసింది. నాగపూరు, బేరారుల పత్తిని నది మీదుగా సముద్రానికి దింపాలని కాటన్ దొర పథకం. దారిలో మూడు అడ్డంకులు: దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, మూడోది ఈ దేవల్‌మర్రి. ఏళ్ళతరబడి ఖర్చుపెట్టి 1871లో పని ఆపేశారు. ఈలోగా రైలు వచ్చి పత్తిని బొంబాయి వైపు ఎత్తుకుపోయింది. "అంటే ఆ పడవలు నడిచుంటే మీరు బొంబాయి పాలయ్యేవాళ్ళు కాదేమోరా" అన్నాడు మిత్రుడు. ఏమో! 1956లో రాష్ట్రాలను భాషను బట్టి విడదీశామన్నారు. నది అవతలి గట్టు ఆంధ్రప్రదేశ్ అయింది, ఇవతలి గట్టు బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి పోయింది. రెండు గట్ల మీదా పిల్లనిచ్చి పుచ్చుకునేవాళ్ళు మాత్రం అట్లాగే ఉన్నారు.

రెండో రాత్రి దిబ్బ మీద పిల్లలిద్దరూ పుల్లలతో ఇసుకలో పేర్లు రాసుకుంటున్నారు. రోజంతా వాళ్ళ మధ్య మాటలకు కొరత లేదు. వాడి "గిట్ల" విని ఆ పిల్ల నవ్వేది, ఆమె "ఎందుకండీ" విని వాడు నవ్వేవాడు. తీరా చూస్తే పిల్ల తన పేరు ఇంగ్లీషులో రాసింది, వాడు తన పేరు నాగరిలో రాశాడు. ఒకరిది ఒకరికి చదవరాలేదు. ఇద్దరూ నా వైపు చూశారు. నేను రెండు పేర్ల కిందా తెలుగులో రాశాను. పిల్ల కూడబలుక్కుని తన పేరు చదివింది, వాడి పేరు దగ్గర ఒత్తు తెలియక ఆగిపోయింది. వాడు అసలు చదవలేకపోయాడు. పెద్దవాళ్ళం ఎవరమూ మాట్లాడలేదు. మా మిత్రుడు మంటలో కట్టె ఎగదోయటం మొదలుపెట్టాడు. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది మా అమ్మ, పెద్ద బాలశిక్ష పెట్టి. బడిలో నేను పిల్లలకు నేర్పిందంతా మరాఠీ.

మూడోనాడు మధ్యాహ్నానికి సిరొంచ చేరాం. సంగమంలో స్నానం చేసి, అవతల కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలకు దండం పెట్టుకున్నారు. రేవులో మిత్రుడు మాట్లాడుకున్న కిరాయి కంటే ఎక్కువ చేతిలో పెట్టబోతే మామ వెనక్కి తీసుకున్నాడు. "గురూజీ చుట్టాలంటే నాకూ చుట్టాలే. గంతగా ఇయ్యాలనుకుంటే మా పోరనికి తెలుగు పుస్తకం ఒకటి పంపుండ్రి సారూ." పట్నం చేరాక పంపించాడు. వాడు ఆదివారాలు మా ఇంటికి వచ్చేవాడు. గుణింతాల దగ్గర రెండుసార్లు మానేశాడు, రెండుసార్లు పిలిపించాను.

ఇప్పుడు వాడు మిరపకోతల కాలంలో కూలీలను వెంటేసుకుని తెలంగాణకు పోతాడు. బస్సు బోర్డులు చదివేది, లెక్క రాసేది వాడే. కాళేశ్వరం దగ్గర గోదావరి మీద వంతెన వచ్చింది, మా వైపు గూడెం దగ్గరా వచ్చింది. అర్ధరాత్రి నొప్పులు వచ్చిన ఆడపిల్లను పడవ కోసం కూర్చోబెట్టిన రోజులు చూసినవాణ్ణి గనుక, వంతెనలను ఒక్క మాట అనను. రేవుల్లో పడవలు మాత్రం బోర్లాపడ్డాయి. 2019లో మేడిగడ్డ బరాజు ప్రారంభించాక సిరొంచ చుట్టుపక్కల రైతుల పొలాలు మునకపాలయ్యాయి. 2023 అక్టోబరులో దాని పియర్లు కుంగాక నీళ్ళు వదిలేశారు.

మొన్న మిత్రుడు ఫోన్ చేశాడు. కూతురు పెళ్ళయి అమెరికాలో ఉందట, ఈ చలికాలం భర్తతో వస్తుందట, మళ్ళీ పడవ మీద పోదామంటుందట. మామను అడిగాను. చూపు తగ్గింది, గడ పట్టలేడు. మనుమడు పడతానన్నాడు. పడవ పలకలు మూడుచోట్ల విడిచాయి, తారు పూయాలి. రెండు డబ్బాలకు డబ్బులిచ్చి వచ్చాను.