గండికోట దాకా ఒక్కణ్ణే

తోడెవరూ దొరకలేదా అని మా వీధిలో అడగనివాళ్లు లేరు. తిరపతికైనా, ఆఖరికి బందరు దగ్గర మంగినపూడి బీచికైనా, కారు నిండా జనం, ఒళ్లో పులిహోర డబ్బా ఉంటే తప్ప కదలని జాతి మనది. కొండలూ బండలూ చూడ్డానికి నాలుగొందల కిలోమీటర్లు ఒంటరిగానా అని వాళ్ల బాధ. చెప్తాను, టీ తెచ్చుకుని కూర్చోండి.

పిల్లలు అమెరికాలో ఉన్న ఇంటికి వెళ్తే గ్రాండ్ కాన్యన్ ఫొటోలు చూడకుండా బయటపడలేం కదా. కొలరాడో నది కోసిన ఆ లోయ 446 కిలోమీటర్ల పొడవు, మైలు లోతు. గొప్పదే, కాదనను. కానీ వీసా లేకుండా, పొద్దున్నే బెజవాడలో ఇడ్లీ తిని గుంటూరు, వినుకొండ, గిద్దలూరు మీదుగా పోతే చీకటి పడేలోగా చేరే లోయ మనకూ ఒకటుంది. దాన్ని ఇండియా గ్రాండ్ కాన్యన్ అని బోర్డుల మీద రాస్తారు. నాకా పేరు నచ్చదు. పెన్నానది కోసుకున్న లోయకు కొలరాడో పేరెందుకు?

గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కి దిగితే నంద్యాల. అక్కణ్ణించి బనగానపల్లె వైపు తిరగ్గానే నేల రంగు మారిపోతుంది. పొలాలకు కంచె బదులు నాపబండలు నిలబెట్టి ఉంటాయి. దివిసీమలో పుట్టినవాడికి ఎత్తంటే కాలవ గట్టే, రాయంటే లారీలో దిగేదే. మన పాత ఇళ్లలో గచ్చు, వంటింటి గూళ్లలో నల్లబండలు ఎక్కణ్ణించి వచ్చాయో చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు. ఇదిగో, ఇటునుంచే.

దారిలోనే బెలుం గుహలు. కొలిచినంతవరకు 3,229 మీటర్లు. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో వీటి గురించి రాశాడు. తర్వాత దాదాపు వందేళ్లు పట్టించుకున్నవాడు లేడు, 1980ల్లో జర్మనీ నుంచి వచ్చినవాళ్లు దిగి కొలిచేదాకా. పర్యాటకులకు తెరిచింది 2002లో. లోపల పాతాళగంగ దాకా దిగితే పైనేలకు 46 మీటర్ల కింద ఉంటాం. బందరు ఉక్కకు అలవాటు పడ్డ నాకే చొక్కా పిండుకోవాల్సి వచ్చింది. గంట చాలు.

అసలు సంగతి గండికోట. కోట గుమ్మం దాటి, కుడీ ఎడమా మాధవరాయ గుడి, జామా మసీదు, ధాన్యపు కొట్టు చూసుకుంటూ నడిస్తే, ఉన్నట్టుండి నేల తెగిపోతుంది. వంద కోట్ల ఏళ్లకు పైబడిన ఎర్రరాయి, ఇటుకలు పేర్చినట్టు పలకలు పలకలుగా. అడుగున పచ్చటి నీళ్లు. అంచుకు కాస్త ఇవతల బండ మీద కూర్చున్నాను. ఎండ వాలేకొద్దీ ఎదుటి గోడ ఇటుకరంగు నుంచి కుంకుమరంగుకు తిరిగింది. ఇంకెవరైనా వెంట ఉంటే ఈపాటికి 'ఇక పోదామా, ఆకలేస్తోంది' అనేవాళ్లు. ఒంటరిగా వెళ్లడంలో సుఖమల్లా అదే.

టీ కొట్టాయన మాత్రం ఊరుకోలేదు. "ఒక్కడివే వచ్చినావా సారూ? ఇంట్లో ఏమన్నా గొడవా?"

మన వైపు నుంచి గండికోటకు రావడం కొత్తేం కాదండోయ్. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే 1652లో బందరులో ఓడ దిగి, బెజవాడ, కొండవీడు, మద్రాసు చుట్టుకుని గండికోట చేరాడు. పెమ్మసాని నాయకుల నుంచి కోటను అప్పటికే గోల్కొండ తరఫున మీర్ జుమ్లా గెలుచుకున్నాడు. ఈ మీర్ జుమ్లా వట్టి కాళ్లతో కూర్చుని, కాలివేళ్ల సందుల్లో కొన్ని ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ల సందుల్లో కొన్ని ఇరికించుకుని, ఒక్కొక్కదానికీ జవాబు చెప్పి రాయించేవాడట. మన ఆఫీసుల్లో ఫైళ్ల గుట్టలు చూసినప్పుడల్లా ఈ పద్ధతి సిఫారసు చేయాలనిపిస్తుంది. తావెర్నియే మాత్రం నాలా ఒంటరిగా రాలేదు లెండి.

మర్నాడు కోటకు ఎగువన ఉన్న జలాశయం చూశాను. 26.85 టీఎంసీలు పట్టే చెరువది. అందులో ఒక్క పెన్నా నీళ్లే అనుకుంటే పొరపాటు. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, బనకచెర్ల, గోరుకల్లు, అవుకు మీదుగా వచ్చిన కృష్ణ కూడా అందులో ఉంది. ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తిన వరదరోజుల్లో సముద్రం పాలైపోయిందే అని మనం చూస్తూ నిలబడే నీళ్లకు ఇది పినతల్లి ఇల్లన్నమాట. ఈ నీళ్ల కోసం తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు మునిగాయి. డెల్టాలో కాలవకు నీళ్లు వారం ఆలస్యమైతే రోడ్డెక్కే మనం, ఆ ఊరి పేరు కూడా గుర్తుపెట్టుకోవాలి.

వెళ్లాలనిపిస్తే నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్లండి. ఎండాకాలం ఆ బండల మీద కాలు పెట్టలేరు. పర్యాటక శాఖవారి హరిత హోటల్ కోటకు దగ్గర్లోనే ఉంది. రాత్రికి రాగిసంగటి, నాటుకోడి పులుసు ఎక్కడ దొరికినా వదలకండి. చెప్పులతో కాదు, బూట్లతో నడవండి. నీళ్లు మోసుకెళ్లి, ఖాళీ సీసా మళ్లీ వెనక్కి తెచ్చుకోండి. లోయ అంచున చాలా చోట్ల కంచె లేదు. సెల్ఫీ ముచ్చట ఉంటే కోట గుమ్మం దగ్గరే తీర్చుకోండి.