గునుగుపువ్వు

ఈ సంవత్సరపు సంచికకు జీవవైవిధ్యమును గూర్చి యొక వ్యాసము వ్రాయవలసినదని పత్రికా సంపాదకవర్గమువారు మమ్ము కోరిరి. మేము ప్రకృతిశాస్త్రము బోధించువారము గనుక ఆ కోరిక న్యాయముగనే తోచెను. నాలుగు పుటలు వ్రాసితిమి కూడ. అందు అడవులు, సముద్రములు, పెద్దపులులు, ధ్రువప్రాంతపు ఎలుగుబంట్లు అన్నియు నుండెను. మా యూరు మాత్రము లేకపోయెను. చదివి చూచుకొని సిగ్గుపడి ఆ కాగితములను ప్రక్కన బెట్టితిమి. ఇప్పుడు వ్రాయునది ఒక పువ్వును గూర్చియు, ఒక విత్తనమును గూర్చియు మాత్రమే.

మా స్వగ్రామము మడికొండ. కాజీపేట దాటి హైదరాబాదునకు బోవు మార్గమున నున్నది. ఊరి ప్రక్కన మెట్టుగుట్ట; గుట్టపై రామలింగేశ్వరుని గుడి; గుడి చెంత ఒకదానిపై నొకటి యెవరో పేర్చిరా యనునట్లు నిలిచిన రెండు బండల స్తంభములు. బాటసారులకు మా యూరి గురుతు లవియే. కాళోజీ నారాయణరావుగారు 1914లో రట్టిహళ్లిలో జన్మించినను పెరిగినది మడికొండలోనే. 'పోతన చరిత్రము' రచించిన వానమామలై వరదాచార్యులుగారిదియు నీ యూరే. ఒకరు జనుల నోటిమాటకు గౌరవము తెచ్చినవారు, మరియొకరు ప్రౌఢమైన పద్యమునకు పేరు తెచ్చినవారు. ఇరువురును ఒక్క యూరి నీరే త్రాగిరని చెప్పుకొనుటకు మాకు గర్వముగా నుండును. 2013లో మా యూరు చుట్టుప్రక్కల గ్రామములతోపాటు వరంగల్లు నగరమున గలిసినది. 2020 జనవరిలో కంప్యూటరు సంస్థల భవనములు గూడ వెలసినవి. మే మందుకు వగవము. మా శిష్యులలో కొంద రట్టి కొలువులతోనే తలిదండ్రులను పోషించుచున్నారు.

నిరుడు భాద్రపద బహుళమున, ఎంగిలిపూల బతుకమ్మకు నాలుగు దినముల ముందు, తొమ్మిదవ తరగతి విద్యార్థులను వెంటబెట్టుకొని మడికొండకు బోయితిమి. బతుకమ్మలో పేర్చెడి పువ్వు లేవి, అవి యెచ్చట మొలచుచున్నవి, వాని నెవరు కోయుచున్నారు, ఈ మూడును వ్రాసికొని రావలెనని వారికి పని యొప్పగించితిమి. తంగేడు గుట్ట యంచున సమృద్ధిగా నుండెను. 2014లో తెలంగాణ ప్రభుత్వము దానిని రాష్ట్రపుష్పముగా ప్రకటించినది. ఆ బిరుదు లేకున్నను రాళ్లలో మొలచి బ్రదుకగల మొక్క యది. బంతి, సీతజడ, గుమ్మడి ఇండ్ల పెరళ్లలో గనబడెను. గునుగు మాత్రము గానరాలేదు. బాలురు ప్రొద్దున పదిగంటలనుండి మధ్యాహ్నమువరకు తిరిగి, ఇండ్లస్థలములకు పాతిన హద్దురాళ్లనడుమ ఏడు మొక్కలు మాత్రము తెచ్చిరి. "సార్, గునుగు అంగట్ల కట్టలు కట్టలు దొరుకుతది, రంగులేసి అమ్ముతరు" అని యొక చురుకైన పిల్లవాడు మమ్మోదార్చెను.

చదువరులలో పట్టణవాసు లుందురు గావున గునుగును గూర్చి రెండు మాటలు. ఇది తోటకూర జాతిది. వానలకు మొలచి, మోకాలెత్తు పెరిగి, తెల్లని కొసలలో గులాబిరంగు మెరయు కంకులవంటి పువ్వులు పూయును. విత్తనము నల్లగా, నిగనిగలాడుచు, ఆవగింజకన్న చిన్నదిగా నుండును. దీని లేత యాకును కూర వండుకొందురు. దీనిని విత్తువారు లేరు, నీరు పెట్టువారు లేరు. రైతునకిది పగ. జొన్నచెలకలో బలిసినచో పంటను మ్రింగును. అందుచే ఎడ్లకు గుంటుక గట్టి దీనిని పెకలించెదరు. అయినను గట్లవెంటను సాళ్లలోను కొంత మిగులును. అట్లు మిగిలినదే బతుకమ్మకు దెల్లదనము. మగవారు కలుపని తిట్టిన మొక్కనే ఆడువారు తాంబాళమున నిలిపి పాడి యాడుచుండిరి. ఇందు వింత యేమియు లేదని మేము బాల్యమున దలచెడివారము.

మా పెద్దమ్మ యింకను మడికొండలోనే యున్నది. బాలురనందరిని ఆమె యింటి వాకిట గూర్చుండబెట్టి, గునుగేల దొరకదని యడిగితిమి. కలుపుమందులు, ఇండ్లస్థలములు, వర్షపాతము అని మేము కారణములను వరుసగా బెట్టుకొని యుంటిమి. ఆమె చేటలోని మినుములు చెరుగుట మానకయే చెప్పెను:

"జొన్న లేనప్పుడు గునుగెక్కడిది బిడ్డా? చెలకలు వోయినయి, జొన్న వోయింది, దాని ఎనుక గునుగు వోయింది. మీ అమ్మ పచ్చజొన్న నీకు యాదికున్నదా?"

యాదికున్నది. ఆ పచ్చజొన్న కథ మేమింతవరకు ఎవరికిని జెప్పియుండలేదు.

పచ్చజొన్న యనగా తెల్లజొన్న కాదు, పసుపువన్నె గింజ. మా తల్లి యేటేట పొలములో దానే తిరిగి మంచి కంకులనేరి, వంటయింటి దూలమునకు వ్రేలాడగట్టెడిది. పొయ్యిపొగకు పురుగు చేరకుండెడిది. తరువాత గింజ రాల్చి, బూడిదయు యాపాకును గలిపి కుండలో బోసి, మూతికి పేడమట్టి మెత్తెడిది. మృగశిరకార్తె వచ్చినప్పుడు ఆ కుండ పగులగొట్టుట మా యింట నొక పండుగ. ఆమె యత్తగారును అట్లే చేసినదట. అంతకుముందు సంగతి మాకు దెలియదు.

1988లో మేము బి.ఎస్సీ. ముగించి యింటికి వచ్చితిమి. కిలో రెండురూపాయల బియ్యము 1983నుండి ఊరికి వచ్చుచుండెను; గటక త్రాగువారు తగ్గిరి; పత్తికి ధర పలుకుచుండెను. బావి త్రవ్వించి చెలకలో హైబ్రిడు పత్తి వేయవలెనని తండ్రిగారికి బోధించితిమి. కుండలోని జొన్న నేమి చేయవలెనని తల్లి యడిగెను. "విత్తనము ఎప్పుడు కావలసిన నప్పుడు దుకాణములో దొరుకును, అది విసిరించి రొట్టెలు చేయు"మంటిమి. చదివిన కొడుకు మాట గనుక ఆమె మారుపలుకలేదు. నెల దినములు రొట్టెలు తింటిమి. అవి మిక్కిలి రుచిగా నుండెను.

పదిసంవత్సరముల తరువాత ఆ విత్తనముకొరకు మడికొండలోను, చుట్టు నాలుగు గ్రామములలోను వెదకితిమి. ఎవరియింటను లేదు. వారి యిండ్లలోను మావంటి చదివిన కొడుకు లుండిరి కాబోలు.

పటాన్‌చెరువు చెంత 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ అను పరిశోధనాలయమున ప్రపంచమునలుమూలల నుండి సేకరించిన జొన్న నమూనాలు 35,000కు పైగా నున్నవి. విత్తనమును బాగుగా నారబెట్టి, కొంత నిత్యోపయోగమునకై 4 డిగ్రీల చలిగదిలోను, కొంత దీర్ఘకాలమునకై సున్నకు దిగువ 20 డిగ్రీలలోను భద్రపరచెదరు. 2008లో నార్వేదేశపు స్వాల్బార్డు దీవిలో మంచుకొండ లోపల దెరచిన విత్తనభాండారమునకు గూడ ఇచ్చటినుండి నమూనాలు పోయినవి. మా తల్లి విత్తనమునకు తోబుట్టువు ఆ మంచులో నెక్కడనో యుండవచ్చునను తలపు మాకు గొంత యూరట. కాని అక్కడ దానికొక సంఖ్య యుండును. ఏ కార్తెలో చల్లవలెనో, గటకకు మంచిదో రొట్టెకు మంచిదో, ఈనిన యావునకు దాని చొప్ప యేల పెట్టెదరో ఆ సంఖ్య చెప్పజాలదు. మరియు చలిగదిలో విత్తనము నిద్రించును. చెలకలోనిది యేటేట కరవునకు, తెగులునకు, పురుగునకు ఎదురునిలిచి మారుచుండును. రెండును గావలెను. పండితులును ఈ సంగతి నెరుగుదురు. చలిగది గలవారిని నిందించుట మా యభిప్రాయము కాదు.

ఇక చట్టము మాట. మనదేశమున 2002లో జీవవైవిధ్య చట్టము పుట్టినది. 2004 నాటి నియమములలో, ప్రతి స్థానిక సంస్థయు నొక సంఘము నేర్పరచుకొని, ఊరివారిని విచారించి, వారి మొక్కలు, పశువులు, విత్తనములు, వానిని గూర్చిన తెలివి, అన్నియు నొక ప్రజా జీవవైవిధ్య పట్టికలో వ్రాయవలెనని యున్నది. సంఘమున మూడింట నొకవంతు స్త్రీలుండవలెనని గూడ ఆ నియమములు విధించినవి. చదివినప్పుడు మాకు మిక్కిలి సంతోషమాయెను. కాని పదిహేనేండ్లు పని మందముగా సాగెను. 2019లో జాతీయ హరిత న్యాయస్థానము 2020 జనవరి ముగియులోపల పని పూర్తిచేయని రాష్ట్రములు నెలకు పదిలక్షల రూపాయలు చెల్లింపవలెనని యాజ్ఞాపించెను. అంతట దేశమంతటను సంఘములు రెండున్నర లక్షలకు పైగా నేర్పడెను. పరీక్షకు ముందు రాత్రి చదివిన పాఠమెట్లుండునో విద్యార్థులకు మేము చెప్పనక్కరలేదు. మా మడికొండ యిప్పుడు గ్రామము గాదు గనుక దాని పట్టిక నగరపు పట్టికలో నొక భాగము కావలసినదే. నగరపు పట్టికలో పెద్దమ్మ వాకిలికి ఎన్ని పంక్తులు దక్కును?

అందుచే మా బాలురు దమంతట దామొక నోటుపుస్తకము మొదలుపెట్టిరి. ఎడమ ప్రక్క మొక్క నతికించి, కుడి ప్రక్క పేరు, ఉపయోగము, చెప్పినవారి వయస్సు వ్రాసిరి. పేరు విన్నది విన్నట్లు వ్రాయవలెననియు, దిద్దగూడదనియు నియమము చేసితిమి. 'వేప' యని దిద్దిన పిల్లవానిచేత మరల 'యాప' యని వ్రాయించితిమి. కాళోజీగారి యూరిలో నింతకన్న వేరుగా జేయుట బాగుండదు. వ్రాతలోనికెక్కినది నిలుచుననుటకు సాక్ష్యములు గలవు. ఆదిలాబాదు ప్రాంతపు గుంజాలలో దొరకిన వ్రాతప్రతుల లిపికి 2018లో యూనికోడునందు చోటు లభించినది. గోండు బిడ్డ లిప్పుడు ఆ యక్షరములలో నచ్చువేసికొనవచ్చును.

కాని మూడవనాడు పెద్దమ్మ యొక ప్రశ్న వేసెను. "గిదంత రాసుకొని ఏం జేస్తరు బిడ్డా? మా తెలివి తీస్కపోయి మాకే అమ్ముతరా?"

బాలురు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. పుండునకు పసుపు పూయుట ఈ దేశమున నెరుగని తల్లి లేదు. అట్టి గుణమునకే 1995లో అమెరికాలో నొక పేటెంటు ఇచ్చిరి. మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి వారు పాత గ్రంథములు చూపి వాదించి 1997లో దానిని రద్దుచేయించిరి. వేపనూనెపై ఐరోపాలో నిచ్చిన పేటెంటు 2000లో కొట్టివేయబడినది. పుస్తకములలో వ్రాసియుండుటచేతనే పసుపు దక్కినది. ఈ యనుభవముచేతనే 2001లో సంప్రదాయ విజ్ఞానమునకొక గ్రంథనిధి నేర్పరచిరి. అట్లని వ్రాసినదెల్ల రక్షణయనుటకును వీలులేదు. వ్రాసినదానిని చదువువారందరు మంచివారు కారు. 2023లో చట్టమును సవరించి, గ్రంథస్థమైన సంప్రదాయ విజ్ఞానమును వాడుకొనువారు ఊరివారితో లాభము పంచుకొననక్కరలేదనిరి. ఈ సవరణ మాకు రుచింపలేదు. గ్రంథమున కెక్కకముందు ఆ విజ్ఞానము పెద్దమ్మవంటివారి నోటనే యుండినది గదా! ఆమెకు మేము చెప్పగలిగిన యుత్తర మొక్కటే: "ఈ పుస్తకము నీ యింటనే యుండును, అడిగినవారికి నీవే యిచ్చెదవు." ఆమె యొప్పుకొనెను. పుస్తక మిప్పుడామె పెట్టెలో, పట్టుచీర క్రింద నున్నది. ఈ సంచికకొరకు రెండు పుటలు చూచుకొని వచ్చుటకు మేమే యనుమతి యడిగితిమి.

జహీరాబాదు ప్రాంతమున దక్కను అభివృద్ధి సంఘము నీడలో దళితస్త్రీలు అనేక సంవత్సరములుగా పాత విత్తనములను దమయిండ్లలో దాచి, ఒకరికొకరు బదులిచ్చుకొనుచున్నారు. 2019లో వారికి ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ బహుమానము వచ్చెను. బదులిచ్చుట యనగా శేరు దీసికొన్నవారు పంటకు రెండు శేర్లు మరల నిచ్చుట. ఆ వైపునుండి యొక మిత్రుడు మాకు పచ్చజొన్న గుప్పెడు దెచ్చెను. పెద్దమ్మ దానిని అరచేత బోసికొని, ఒక గింజ కొరికి, "మనది గాదు. గని దాని చెల్లెలే" అనెను.

ఈ యేటి మృగశిరలో పాఠశాల వెనుకనున్న స్థలములో దానిని చల్లితిమి. గట్టున గునుగు విత్తనము గూడ చల్లితిమి. ఊరి రైతులు వినిన నవ్వుదురు. శ్రావణమునకు రెండును మోకాలెత్తు పెరిగెను. కలుపుతీయు దినమున నొక బాలుడు కొడవలి పట్టుకొని, "సార్, గునుగు కలుపా, పంటా?" అని యడిగెను. మాకు వెంటనే తోచలేదు. నాడు పెద్దమ్మ వచ్చి యుండెను గనుక ఆమె వైపు చూచితిమి.

"సాలుల ఉన్నది పీకుండ్రి. గట్టు మీదిది పండుగదాక ఉండనియ్యుండ్రి. పండుగకు కోసినా నాలుగు చెట్లు ఇడిసిపెట్టుండ్రి, విత్తుకు."

అట్లే చేసితిమి. కంకులలో సగము చిలుకలు తినెను. మిగిలినవానిలో మంచివి పండ్రెండు ఏరి, ప్రయోగశాల గోడకు వ్రేలాడగట్టవలె ననుకొంటిమి. కాని మా ప్రయోగశాలలో పొయ్యి లేదు, పొగ లేదు. పెద్దమ్మ యింకను నీళ్లపొయ్యిలో కట్టెలే పెట్టును. పండ్రెండు కంకులును ఇప్పు డామె యింటి దూలమున వ్రేలాడుచున్నవి.