మెహర్ మాట

మంగ్నీ అయి రెండు నెలలు. ఫర్నిచర్, బైక్, దావత్‌కి ఎన్ని దేగ్‌ల బిర్యానీ, అన్నీ పెద్దలు తేల్చేశారు. నా మెహర్ ఎంతో మాత్రం ఎవరూ నన్నడగలేదు. "అది నిఖా రోజు ఖాజీ సాబ్ ముందు చూసుకుంటార్లే బేటీ" అంది అమ్మీ.

మెహర్ దుల్హన్ హక్కు, దుల్హా ఇవ్వాల్సింది. జహేజ్ మనవాళ్లు నెత్తికెత్తుకున్న బరువు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కూడా మెహర్‌ని కట్నం కిందకి రాదని చెప్పింది. ఇవ్వాల్సినదాన్ని గుసగుసగా, అడగకూడనిదాన్ని లిస్టు రాసి మరీ మాట్లాడుకుంటున్నాం!

నిన్న ఆయనకి ఫోన్‌లో చెప్పేశా: "బైక్ వద్దని మీవాళ్లకి చెప్పండి. మెహర్ సంగతి మనిద్దరం మాట్లాడుకుందాం."

కాసేపు ఖామోషీ. తర్వాత, "జుమ్మా రోజు అబ్బాతో మాట్లాడతా" అన్నారు.

ఏం మాట్లాడతారో ఎల్లుండికి తెలుస్తుంది, ఇన్షా అల్లాహ్.