గాదంకిలో ఖిబ్లా

గత సంవత్సరం ఒకనాటి మగ్రిబ్ నమాజు అనంతరం, పెనుబల్లిలోని మా మదర్సాకు ఒక తండ్రి తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆ అమ్మాయి బాల్యంలో మా వద్దనే ఖుర్ఆన్ పఠనం పూర్తి చేసింది. అప్పుడు బి.ఎస్సీ. చదువుతున్నది. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి ఏటా విద్యార్థులకు వేసవి పరిశోధన ఫెలోషిప్పులు ఇస్తాయని, ఎంపికైతే రెండు నెలలు ఒక శాస్త్రవేత్త వద్ద పని నేర్చుకోవచ్చునని, భృతి కూడా లభిస్తుందని ఆమె వివరించింది. తిరుపతి సమీపాన గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధనాలయానికి వెళ్ళాలని ఆమె ఆశ.

"మౌలానా సాబ్, మీరు సరేనంటే పంపిస్తాను, వద్దంటే మానుకుంటాను" అన్నాడు తండ్రి.

మేము సరే అనలేదు, వద్దనీ అనలేదు. "ఇస్తిఖారా చేసుకోండి, తర్వాత చూద్దాం" అన్నాము. ఆ తర్వాత అన్నది రాకముందే గడువు దాటిపోయింది. ఈ దరఖాస్తులను చలికాలానికి ముందే పిలుస్తారు. ఎండలు ముదిరాక ఆరా తీస్తే ఆలస్యమే. ఇస్తిఖారా అంటే మేలైన దారి చూపమని అల్లాహ్‌ను వేడుకోవడం. జవాబు తప్పించుకోవడానికి మేము దానిని అడ్డం పెట్టుకున్నాము. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

ధర్మం పేరిట మేము దాచుకున్నది మా తెలియనితనమే. ఆకాశాన్ని గురించి మేము నేర్చినదంతా విద్యార్థి దశలో చదివిన 'తష్రీహుల్ అఫ్లాక్'. అందులో భూమి కదలదు, సూర్యుడే దాని చుట్టూ తిరుగుతాడు. నాలుగు వందల ఏళ్ళ నాటి గ్రంథకర్తను ఏమంటాం? అక్కడే ఆగిపోయినది మేము.

చివరకు ఆ అమ్మాయే మాకు పాఠం చెప్పింది. గాదంకిలో 1024 యాంటెన్నాలు వరుసలు తీరి నిలిచి ఆకాశంలోకి రేడియో తరంగాలను పంపుతాయి. వాటిలో అత్యల్ప భాగం వెనుదిరిగి వస్తుంది. దానిని బట్టి ఏ ఎత్తులో గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తున్నదో లెక్కిస్తారు. రుతుపవనాల పోకడ తెలియాలంటే ఆ లెక్కలు కావాలి. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఆమె మేనత్త ఇల్లు నీట మునిగింది. అప్పటినుండే ఆమె మనసు ఇటు మళ్ళిందట.

ఈ విద్య మనకు పరాయిదన్న భావన ఎప్పుడు చొరబడిందో గాని, హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ సొంత ధనంతో పెద్ద దూరదర్శిని తెప్పించి 1901లోనే వేధశాల నెలకొల్పారు. ఆయన తదనంతరం నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించింది. లక్షలాది నక్షత్రాల స్థానాలను నమోదు చేసిన అంతర్జాతీయ కృషిలో ఆ వేధశాలకూ భాగముంది.

ఈ సంవత్సరం గడువుకు ముందే దరఖాస్తు వెళ్ళింది. హాస్టలు, భోజనం, నమాజు గురించి తండ్రి అడిగినవన్నీ ముందే విచారించుకున్నాము. తీసుకువెళ్ళి దిగబెట్టి, తిరిగి తీసుకువచ్చే బాధ్యత ఆమె అన్న తీసుకున్నాడు.

ఫలితం ఇంకా రాలేదు. మొన్న ఆమె ఒక కాగితం తెచ్చింది. పెనుబల్లిలో ఖిబ్లా పడమర నుండి ఉత్తరానికి సుమారు 13 డిగ్రీలు, గాదంకిలో సుమారు 18 అని అందులో లెక్కగట్టి ఉంది.

"సరిచూసి పెట్టండి, ఉస్తాద్" అంది.

కాగితం ఇంకా మా వద్దనే ఉంది. పదవ తరగతి పిల్లవాని త్రికోణమితి పుస్తకం అడిగి తెచ్చుకున్నాము.